డాంగిల్ వెలిగిన మధ్యాహ్నం

మా ఆయన పోయిన పదహారో రోజు మధ్యాహ్నం నేను ఆయన కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పన్నెండో రోజు భోజనాలు అయిపోయాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన చుట్టాలు తిరుగు బండి ఎక్కేశారు. ఇంట్లో నేనూ, అత్తా, మావయ్యగారూ మిగిలాం. మాకు పిల్లల్లేరు. ఎనిమిదేళ్ళు అదే నా పెద్ద దిగులు. ఆ మే నెలలో మాత్రం, నాన్నేడీ అని అడిగే నోరు ఇంట్లో లేనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను.

బిలాస్‌పూర్ తార్‌బహార్‌లో మాది పాత ఇల్లు. వెనక గది కిటికీకి కూలర్, దాని పక్కన బల్ల, బల్ల మీద ఆ కంప్యూటర్. ఎవరో ఆఫీసువాళ్ళు పారేసిన డబ్బాని ఆయన తెచ్చి, దుమ్ము దులిపి, లినక్స్ వేసి బతికించుకున్నారు. "దొంగ విండోస్ నా ఇంట్లో వద్దు" అనేవారు. దాని మీద చేసిన ప్రతి పనీ ఒక నోట్‌బుక్‌లో రాసుకునేవారు. అది తండ్రి నేర్పిన అలవాటు. మావయ్య సన్యాసిరావుగారు ముప్పై రెండేళ్ళు రైల్వేలో సిగ్నల్ పని చేసి రిటైరయ్యారు. కొడుకు వేణుగోపాల్ కూడా అదే పనిలో చేరాడని ఆయనకి అంతా ఇంతా గర్వం కాదు.

స్విచ్ నొక్కితే తెర వెలిగింది. మూలన వైఫై గుర్తు ఉండాల్సిన చోట ఏమీ లేదు. వంగి డబ్బా వెనక చూశాను. వైఫై పట్టే వేలెడంత నల్ల డాంగిల్ దాని చోటులో గుచ్చే ఉంది. దాని నీలం దీపం మాత్రం వెలగట్లేదు.

నాకు కావలసింది ఆ కంప్యూటర్లోకి రావలసిన ఒకే ఒక్క ఫొటో.

సంగతి చెప్తాను. పట్టాల దగ్గర సిగ్నల్ సామాను మీద చెయ్యి వెయ్యాలంటే ముందుగా స్టేషన్ మాస్టర్‌కి ఒక కాగితం రాసివ్వాలి. డిస్‌కనెక్షన్ మెమో అంటారు దాన్ని. మాస్టర్ దాని మీద టైము వేసి సంతకం పెడితే, పని పూర్తయ్యేదాకా ఆ లైను మీదికి బండిని రానివ్వడు. సంతకం లేకుండా చెయ్యి పెట్టావా, నీ ప్రాణానికి నువ్వే పూచీ. ఆయన పోయిన ఆ బుధవారం బిలాస్‌పూర్ అవతల ఒక చిన్న స్టేషన్‌లో, బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్ళించే పాయింటు మొరాయించింది. మా ఆయన వెళ్ళారు. పక్క లైను మీద బొగ్గు బండి ఒకటి చప్పుడు చేసుకుంటూ పోతోందట. ఆ చప్పుడులో తన లైను మీదికి వచ్చే గూడ్సు ఆయనకి వినబడలేదు. మధ్యాహ్నం రెండూ ఏడుకి అయిపోయింది.

ఆ పూట డ్యూటీలో ఉన్న స్టేషన్ మాస్టర్ రాంప్రసాద్. పరాయివాడు కాదు, మా తెలుగువాడే, మా సందుకి రెండు సందుల అవతలే ఇల్లు. "గూడ్సు ఒస్తంది, అది దాటాక సంతకం పెడతాను, ఇరవై నిమిషాలు ఆగమన్నాను. మెమో పట్టుకుని బయటికెల్లి నీడన కూకున్నాడనుకున్నాను" అన్నాడు. మావయ్యగారు మాత్రం, మా వాడు మెమో ఇచ్చాడు, రాంప్రసాద్ సంతకం పెట్టాడు, బండి కొట్టేశాక భయపడి కాగితం చింపేశాడు అన్నారు. మెమో పుస్తకం బండి కింద నుజ్జయింది. ఫోనూ అంతే. రాంప్రసాద్‌ని విచారణ అయ్యేదాకా డ్యూటీలోంచి తప్పించారు. జూన్ పదకొండున విచారణ. ఇంటివాళ్ళు చెప్పుకోవలసింది ఉంటే రావచ్చన్నారు.

నాకు తెలిసింది ఒకటుంది. మా ఆయన ప్రతి మెమోకీ సంతకమయ్యాక ఫొటో తీసేవారు. ఆ ఫొటోని మెసేజీల యాప్‌లో తనకి తనే పంపుకునేవారు. ఆ యాప్ ఫోన్‌లో ఉన్నట్టే ఈ కంప్యూటర్లోనూ ఉంది. ఫోన్ చచ్చినా ఫరవాలేదు, కంప్యూటర్‌కి నెట్ తగిలితే చాలు, అన్నీ వచ్చి కూర్చుంటాయి. కానీ ఆ నెట్టే లేదు. కిందటి వానల్లో పిడుగు పడి వైరు గుచ్చే చోటు కాలిపోయింది. అందుకే డాంగిల్ కొన్నారు. ఆయన పోవడానికి మూడు రోజుల ముందు, ఆదివారంనాడు, సిస్టమ్‌కి అప్‌డేట్ వేశారు. వెంటనే డాంగిల్ పడుకుంది. "వచ్చే ఆదివారం చూస్తాలే" అన్నారు. ఆయనకి ఆ ఆదివారం రాలేదు.

అదే యాప్ నా ఫోన్‌లో తెరుద్దామని ఆయన సిమ్ కోసం వెళ్తే, పోయినవాళ్ళ నంబరు మళ్ళీ ఇవ్వం, మూసేస్తాం అన్నారు. ఇక మిగిలింది నేనూ ఆ నోట్‌బుక్కూ.

మొదటి రోజు నోట్‌బుక్‌లో ఆయన రాసుకున్న కమాండు వరస ఉన్నదున్నట్టు టైపు చేశాను. గుచ్చిన సామాన్ల పేర్లన్నీ తెర మీదికి వచ్చాయి, అందులో డాంగిల్ పేరూ ఉంది. అంటే వస్తువు కనబడుతోంది, దానితో మాట్లాడే డ్రైవర్ లేదు. డ్రైవర్ కావాలంటే నెట్‌లోంచి దింపాలి. నెట్ రావాలంటే డ్రైవర్ ఉండాలి. పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు. ఫోన్‌ని వైరుతో గుచ్చి కూడా నెట్ ఇవ్వొచ్చని చాలా రోజుల తరవాత ఎవరో చెప్పారు. అప్పటికి నాకంత తెలివి లేదు.

మావయ్యగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఏటి సేస్తన్నావమ్మా?"

"నెట్ పట్టించాలి మావయ్యగారూ. ఫొటో దొరుకుతుంది."

"పోయినోడి సామాను ముట్టుకుంటే మనసు పాడయిపోద్ది. ఒగ్గీ" అన్నారు.

"ఒదిలేస్తే ఎలాగండీ? ఆయన తప్పు లేదని రుజువు అదొక్కటే కదా."

"రుజువెందుకు? నాను సెప్తన్నాను గదా, మా వోడు మెమో ఇచ్చీసినాడని" అని వెళ్ళిపోయారు.

చెప్పడం అంటే అలాంటిలాంటి చెప్పడం కాదు. రోజూ సాయంకాలం వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని, దారిన పోయే ప్రతి తెలుగువాడినీ ఆపి చెప్పేవారు. అబద్ధమైనా పదిమంది నోట్లో పడితే నిజమై కూర్చుంటుంది. రాంప్రసాద్ ఎదురైతే జనం ముఖం తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఆయన భార్య సౌభాగ్య కూరగాయల బండి దగ్గరికి వస్తే ఆడవాళ్ళు చటుక్కున మాటలు ఆపేసేవారు. నేనూ తక్కువ తినలేదు. ఒకరోజు ఆమె నా పక్కన నిలబడి బెండకాయలు ఏరుతుంటే, నేను ఏరిన కాయలన్నీ బండి మీద కుమ్మరించి వచ్చేశాను. ఆ పని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

స్టేషన్ రోడ్డులో నెట్ సెంటర్ నడిపే మనీష్‌కి మా ఆయనంటే అభిమానం. ఇద్దరూ ఆదివారాలు గంటలకొద్దీ లినక్స్ గురించి వాదించుకునేవారు. పెన్‌డ్రైవ్ పట్టుకుని అతని దగ్గరికి వెళ్ళాను. ఎండ నిప్పులు చెరుగుతోంది. రోడ్డు మీద పిట్ట లేదు.

"భాభీజీ, మీరెందుకు వచ్చారు, కబురు పెడితే నేనే వచ్చేవాణ్ణిగా" అన్నాడు హిందీలో.

"నువ్వొస్తే నువ్వు చేస్తావు. నేను చెయ్యాలి" అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. భర్తకి చెయ్యగలిగిన ఆఖరి పని అదొక్కటే అనిపించింది కాబోలు. అది పరాయి చేతికి ఇవ్వబుద్ధి కాలేదు.

అతను డ్రైవర్ దింపి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. ఏ వరస తరవాత ఏ వరస కొట్టాలో కాగితం మీద రాసిచ్చాడు. ఇంటికి వచ్చి అలాగే కొట్టాను. తెర మీద నల్లటి గళ్ళో అక్షరాలు పరుగెత్తాయి. పరుగెత్తి పరుగెత్తి చివర ఎర్రగా ఎర్రర్ అని ఆగాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఇంకో ఫైలు. మళ్ళీ ఎర్రర్. మూడోసారి వెళ్ళి వచ్చేసరికి అసలు డాంగిలే లేదు.

ఇల్లంతా వెతికాను. కూలర్ కింద, బల్ల సొరుగులో, చెత్తబుట్టలో. అత్త కూడా కళ్ళజోడు పెట్టుకుని నాతో పాటు నేల తడిమింది. మా అత్త కనకం పెద్దగా మాట్లాడే మనిషి కాదు. కొడుకు పోయాక ఉన్న నాలుగు మాటలూ మానేసింది. గదులు తుడిచేది, వండేది, కొడుకు కంచం రోజూ కడిగి బోర్లించేది.

సాయంత్రం ఉతకడానికని మావయ్యగారి చొక్కా కొక్కెం మీంచి తీస్తే జేబులోంచి డాంగిల్ జారి పడింది.

"దుమ్ము పడిపోతందని తీసి దాసినాను" అన్నారాయన, నా ముఖం చూడకుండా.

నమ్మాను. కొడుకు పోయిన తండ్రి, మతి స్థిమితంగా లేదు అనుకున్నాను. మనం నమ్మదలుచుకున్న మనిషికి సాకులు కూడా మనమే వెతికిపెడతాం.

విచారణ ఇంకా వారం ఉందనగా సౌభాగ్య మా ఇంటికి వచ్చింది. మావయ్యగారు పెన్షన్ పని మీద బ్యాంకుకి వెళ్ళిన పూట చూసుకుని వచ్చిందని తరవాత అర్థమైంది. లోపలికి రమ్మనలేదు నేను. గుమ్మంలోనే నిలబడింది. మనిషి సగమైపోయింది.

"ఝాన్సమ్మా, ఆ మిషన్లో ఫొటో ఉందంట గదా. దొరికిందేటి?"

"దొరుకుతుంది. దొరికాక మీ ఆయన సంగతి తేలుతుంది" అన్నాను.

"దొరకాలనే దణ్ణం పెడతన్నాను" అంది ఆమె. "సత్తెం చెప్తన్నాను. మా ఇంట్లో ఆయన అన్నం తిని పది రోజులయింది. రాత్రింబగళ్ళు ఒకటే మాట. 'ఏణుకి ఇంకోపాలి గట్టిగా సెప్పుంటే ఆగును గదా, కాగితం లాక్కునుంటే ఆగును గదా' అని. ఆ ఫొటో దొరికితే సంతకం లేదని తెలుస్తాది. బేగి దొరకబుచ్చమ్మా. నీ కాళ్ళట్టుకుంటాను."

నిజంగానే వంగింది. నేను వెనక్కి తగ్గి తలుపు వేసేశాను. వేసి, తలుపుకి ఆనుకుని నిలబడ్డాను. కాగితం చింపినవాడి పెళ్ళాం ఫొటో దొరకాలని ఎందుకు మొక్కుతుంది? ఆ ప్రశ్న చెవిలో జోరీగలా పట్టుకుంది. అన్నం దగ్గరా అదే, స్నానం దగ్గరా అదే. దాన్ని తరిమెయ్యాలంటే దారి ఒకటే, ఆ దీపం వెలగాలి.

జూన్ తొమ్మిదిన మనీష్‌కి ఫోన్ చేసి, తెర మీద వచ్చిన ఎర్ర వరసలన్నీ చదివి వినిపించాను. అతను విని విని, "అరే!" అని నాలుక కరుచుకున్నాడు.

"భాభీజీ, నాది బుద్ధి తక్కువ. ఇన్ని రోజులు మిమ్మల్ని ఎండలో తిప్పాను. లినక్స్ కొత్తది వేసుకున్నా పాతదాన్ని పారెయ్యదు. పక్కన పెట్టుకునే ఉంటుంది. వేణు భయ్యా డ్రైవర్ వేసింది ఆ పాతదాని మీద. మెషిన్ ఆన్ అవుతున్నప్పుడు ఎస్కేప్ నొక్కండి, నల్ల తెర మీద జాబితా వస్తుంది. అందులో కొత్త నంబరు కాకుండా దాని కిందటి నంబరు ఎంచుకోండి. కొత్తగా ఏమీ వెయ్యక్కర్లేదు."

ఇంతే. మూడు వారాలు తిరిగింది ఈ ఒక్క మీట కోసం.

అత్త ముందు గదిలో పడుకుంది. మావయ్యగారు వాకిట్లో ఉన్నారు. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాను. ఎస్కేప్ నొక్కాను. జాబితా వచ్చింది. కిందటి నంబరు మీదికి వెళ్ళి ఎంటర్ కొట్టాను. తెర వెలిగేదాకా డబ్బా వెనకే చూస్తూ కూర్చున్నాను. డాంగిల్ ఒకసారి మిణుక్కుమంది. ఆగింది. తరవాత నీలంగా వెలిగి, ఇక ఆరలేదు.

ఏడుపు వచ్చింది. "వచ్చిందండీ" అన్నాను పైకే, ఎవరితోనో మీకు తెలుసు.

పాస్‌వర్డ్ అడగలేదు, అది దానికి గుర్తుంది. యాప్ తెరిచాను. తనకి తను పంపుకున్న వాటిలో చూశాను. ఆ బుధవారం తారీకుతో ఏమీ లేదు. ముందురోజు మెమో ఉంది, టైము, సంతకం అన్నీ ఉన్నాయి. బుధవారానిది లేదు. అప్పుడు పక్కన వరసలో అన్నిటికన్నా పైన 'నాన్న' అన్న పేరు కనబడింది. మావయ్యగారికి టైపు చెయ్యడం రాదు, గొంతే పంపుతారు. పని దగ్గర ఏ చిక్కు వచ్చినా మా ఆయన మొదట అడిగేది తండ్రినే.

తెరిచాను. ఒంటిగంటా యాభై రెండుకి మా ఆయన పంపిన ఫొటో. మెమో. ఆయన చేతిరాతే. కింద మాస్టర్ సంతకం చోటు ఖాళీ. దాని కింద ఆయన రాసిన మాట, "రాంప్రసాద్ సంతకం పెట్టట్లేదు. గూడ్సు దాటాక అంటన్నాడు. ఏటి సెయ్యను?"

ఒంటిగంటా యాభై నాలుగుకి మావయ్యగారి గొంతు. బల్ల మీద మా ఆయన హెడ్‌ఫోన్ ఉంటే చెవులకి పెట్టుకుని నొక్కాను.

"రెండు నిమిషాల పనికి ఇరవై నిమిషాలు ఎండలో నిలబడతావేటిరా? ముందు సేసీ, మెమో తరవాత ఇద్దువు గాని. ముప్పై ఏళ్ళు నాను మాట మీదే సేసినాను, ఏటయింది? బేగి సేసి ఒచ్చీ. నాలుగింటికి మీ అత్త ఇమానం దిగుతాది, చకర్‌భాటా ఏర్‌పోర్టుకి ఎల్లాల."

ఆ రోజు మావయ్యగారి చెల్లెలు మొదటిసారి విమానం ఎక్కి వస్తోంది. ఆవిడ దిగి, ఎవరూ రాక, టాక్సీ చేసుకుని మా వాకిట్లోకి వచ్చేసరికి వాకిలి నిండా జనం.

ఒంటిగంటా యాభై ఆరుకి ఇంకో గొంతు. రెండే రెండు సెకన్లు. మా ఆయనది.

"అలగే నాన్నా."

ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. హెడ్‌ఫోన్ తీసేసరికి గుమ్మంలో మావయ్యగారు నిలబడి ఉన్నారు. ఆయన నన్ను చూడట్లేదు. డబ్బా వెనక వెలుగుతున్న నీలం దీపాన్ని చూస్తున్నారు.

"దొరికిందేటి?"

"దొరికింది."

"ఫొటో ఒకటేనా?"

"మీ గొంతు కూడా."

ఆయన మెల్లిగా నేల మీద కూర్చున్నారు. గోడకి ఆనుకుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నారు. డెబ్బై దగ్గరపడ్డ మనిషి. ఆ క్షణాన ఆయన్ని చూస్తే నాకు జాలి వెయ్యలేదు, నిజం చెప్తున్నాను. మెడ పట్టి బయటికి గెంటాలనిపించింది. ఆయన ఆ మాట అన్నందుకు కాదు. ఆ మాట ఏ తండ్రైనా అంటాడు, రైల్వే పని చేసిన ప్రతి ముసలివాడూ అంటాడు. కొడుకుని కాల్చిన మర్నాటి నుంచి ఆ మాట కడుపులో దాచుకుని, రాంప్రసాద్ మెడకి ఉరి పేనుతూ కూర్చున్నందుకు. ఆ పేనడంలో నా చేత కూడా ఒక కొస పట్టించినందుకు.

"ఎల్లుండి మీరే చెప్పండి మావయ్యగారూ" అన్నాను. "నేను చెప్పడం బాగోదు. మీ నోటితో మీరు చెప్తే పోయిన ఆయనకీ శాంతి."

"సెప్తాను" అన్నారు. "అంతా సెప్పీస్తాను. మీ అత్తకి మాత్రం ఇప్పుడే సెప్పకు తల్లీ."

సరే అన్నాను. అయినా ఆ ఫొటోనీ రెండు గొంతులనీ నా ఫోన్‌లోకి ఎక్కించుకున్నాను. ఎందుకంటే, నమ్మకం లేకే.

విచారణ గదిలో ఇద్దరు ఆఫీసర్లు, రాసుకునే మనిషి ఒకడు. గోడవారగా కుర్చీలో రాంప్రసాద్. మమ్మల్ని చూడగానే ఆయన లేచి మావయ్యగారికి నమస్కారం పెట్టాడు. మావయ్యగారు చూసీ చూడనట్టు వెళ్ళి కూర్చున్నారు. నేను ఫొటో చూపించాను. పెద్దాఫీసర్ దాన్ని వేళ్ళతో పెద్దది చేసి, సంతకం చోటు చూసి, పక్కాయనకి చూపించాడు. రాంప్రసాద్ కళ్ళు మూసుకున్నాడు.

"మీరేమైనా చెప్తారా?" అని మావయ్యగారిని అడిగారు.

మావయ్యగారు లేచారు. ఉతికిన తెల్ల చొక్కా, పైబొత్తం దాకా పెట్టుకున్నారు. హిందీలో చెప్పారు.

"రాంప్రసాద్ తప్పేమీ లేదు సాబ్. నేను పొరబడ్డాను. తప్పు మా వాడిదే. మెమో లేకుండా చెయ్యి పెట్టకురా అని చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను. వాడు నా మాట వినలేదు."

చెప్పి కూర్చున్నారు. రాసుకునేవాడు రాసుకుంటున్నాడు. కలం చప్పుడు వినబడుతోంది.

సగం నిజం చెప్పారు. రాంప్రసాద్ బయటపడ్డాడు. నేను ఊరుకుంటే అక్కడితో అయిపోయేది. పోయినవాడి మీద ఎంత వేస్తే మాత్రం ఏం, వాడు మొయ్యలేనని అనడు కదా. ముసలాయనకి వాకిట్లో కుర్చీ మిగులుతుంది, ఇల్లు ఇల్లులాగే ఉంటుంది. అన్నీ తెలుసు నాకు. కానీ ఆ చివరి మాట దగ్గర నా ఒళ్ళు మండిపోయింది. ఎనిమిదేళ్ళ కాపురంలో నేను ఆయనతో పోట్లాడిందే దాని మీద. ఏ ఊరు పోదామన్నా, ఏం కొందామన్నా, నాన్నని అడగాలి అనే మనిషి.

నేను లేచాను.

"విన్నారు సార్" అన్నాను. "ఆయన వాళ్ళ నాన్న మాట విన్నారు."

ఫోన్ బల్ల మీద పెట్టి నొక్కాను.

మావయ్యగారి గొంతు గదంతా వినబడింది. ఆఫీసర్లకి తెలుగు రాదు. పెద్దాయన ఆపి, "ఏమంటున్నాడు ఇందులో? తెలుగు ఎవరికి వచ్చు?" అని అడిగాడు. తెలుగు వచ్చినవాళ్ళం ముగ్గురమే. మావయ్యగారు తల ఎత్తట్లేదు. నేను చెప్తే నా సొంత కవిత్వం అంటారు. ఆఫీసర్ రాంప్రసాద్ వైపు చూశాడు.

రాంప్రసాద్ లేచి నిలబడ్డాడు. నెల రోజులుగా ఆయన్ని హంతకుడన్న నోటి మాటని, ఆయన ఒక్కొక్క ముక్కా హిందీలో పెట్టాడు. ఎక్కడా గొంతు పెంచలేదు. "పితాజీ అంటున్నారు" అని మొదలుపెట్టాడు ప్రతిసారీ. "రెండు నిమిషాల పని అంటున్నారు పితాజీ. మెమో తరవాత ఇవ్వొచ్చు అంటున్నారు పితాజీ." విమానం మాట దగ్గర కాస్త ఆగి, అదీ చెప్పాడు.

తరవాత రెండో గొంతు వచ్చింది. రాంప్రసాద్ దాన్ని కూడా హిందీలో పెట్టబోయాడు. పెద్దాఫీసర్ చెయ్యి ఎత్తి, "రహనే దీజియే" అన్నాడు. వద్దులే, ఉండనీ అని. అది ఎవరూ తర్జుమా చెయ్యక్కర్లేదు.

కాగితం మీద చివరికి మా ఆయన తప్పే అని రాశారు. తండ్రి సలహా సంగతి కింద ఒక వరసలో వేశారు. రాంప్రసాద్ డ్యూటీకి వెళ్ళాడు. నేను సౌభాగ్య ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి నోరు రాక గుమ్మంలో నిలబడ్డాను. ఆమె నన్ను లోపలికి లాగి కూర్చోబెట్టింది. ఆమె ఏదైనా అనుంటే బాగుండేదనిపించింది.

వానలు పడ్డాక నాకు ఆయన స్థానంలో ఉద్యోగం ఇస్తూ ఉత్తర్వు వచ్చింది. ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నావా అని అడుగుతారు అందరూ. ఎక్కడికి పోను? అత్తనొదిలి పోలేను, అత్త ఆయన్నొదిలి రాదు. మావయ్యగారు వాకిట్లో కుర్చీ వెయ్యడం మానేశారు. నాతో మాట్లాడరు. నేనూ మాట్లాడను. కంచం పెట్టి, మంచినీళ్ళు పెట్టి తప్పుకుంటాను.

అత్తకి విచారణ రోజు సాయంత్రమే అంతా చెప్పాను. విన్నది. ఏడవలేదు, మొగుడిని ఒక్క మాటా అనలేదు. మర్నాడు వంట అయ్యాక తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ వెనక గదిలోకి వచ్చి నా పక్కన కూర్చుంది.

"మా నాయన గొంతు ఒకపాలి ఇనిపించమ్మా" అంది. వాళ్ళు కొడుకుని నాయనా అంటారు.

హెడ్‌ఫోన్ ఇవ్వబోయాను. "వద్దు, పైకే పెట్టు" అంది.

పెట్టాను. పైనున్న మావయ్యగారి గొంతు కాదు, కిందిది ఒక్కటే. రెండు సెకన్లు. అప్పటి నుంచి ఏ రోజూ తప్పలేదు. నేను డ్యూటీకి పోయే రోజుల్లో తనే కంప్యూటర్ వేసుకోవడం నేర్చుకుంది. ఎస్కేప్ ఎప్పుడు నొక్కాలో, ఏ నంబరు ఎంచుకోవాలో, నీలం దీపం వెలిగిందో లేదో ఎలా చూడాలో అన్నీ ఆవిడకి వచ్చు. రోజూ వంట అయ్యాక, కంచాలు పెట్టేముందు, మా ఇంట్లో ఆ మాట వినబడుతుంది. "అలగే నాన్నా."

ముందు గదిలో మావయ్యగారు ఆ వేళకి అక్కడే ఉంటారు. కావాలంటే లేచి వీధిలోకి పోవచ్చు, ఎవరూ పట్టుకోరు. పోరు. కొడుకు తన మాటకి సరేననడం రోజుకొకసారి విని, అప్పుడు లేచి అన్నానికి వస్తారు.